ఓడ ఎక్కే ముందు రాత్రి వైజాగ్‌లో ఎక్కడ దిగాలి?

క్రూజ్ టికెట్లు చేతికి రాగానే బయటి ఊరి వాళ్లు నన్ను అడిగే మొదటి మాట, "సీ వ్యూ రూమ్ ఎక్కడ బాగుంటుంది?" అని. నన్నడిగితే ఆ ఒక్క రాత్రికి అస్సలు అక్కర్లేనిది సీ వ్యూయే. మర్నాటి నుంచి లేచినా పడుకున్నా కళ్లెదుట సముద్రమే కదా, దానికి ముందు రాత్రి కూడా డబ్బు కట్టడం దేనికి? ఆ రాత్రి హోటల్ చేయాల్సిన పని వేరు. తలో రైల్లో, తలో బస్సులో దిగిన ఇంటిల్లిపాదినీ ఒకచోట చేర్చి, కంటినిండా నిద్రపోనిచ్చి, మర్నాడు పెట్టెలతో సహా వేళకి పోర్టు గేటు దగ్గరికి పంపాలి. ఈ కళ్లతో చూస్తే వైజాగ్‌లో ఏ పేట మేలో చాలా తొందరగా తేలిపోతుంది.

ముందు ఓడ ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవాలి. ఋషికొండలో బోటు షికార్లు ఉన్నాయి కాబట్టి క్రూజ్ కూడా ఆ దరిదాపుల్లోనే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు. 2022 జూన్‌లో కార్డీలియా క్రూజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ వచ్చినప్పుడైనా, దాదాపు 96 కోట్ల ఖర్చుతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరు 4న మొదలైన తర్వాతైనా, ఓడ ఎక్కేది పోర్టులోనే. టెర్మినల్ ఉన్నది ఔటర్ హార్బర్‌లో, అంటే నగరానికి దక్షిణపు కొసన, వన్‌టౌన్, ఫిషింగ్ హార్బర్ ఉన్న వైపు. ఋషికొండ ఉత్తరాన ఉంది. మధ్యలో ఊరంతా ఉంది.

అందుకే ఋషికొండ సంగతి మొదటే తేల్చేస్తాను. సాయిప్రియ, రాడిసన్ బ్లూ రిసార్టులు ఆ దారిలోనే ఉన్నాయి. బీచ్ బాగుంటుంది, 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. రెండు రోజులు ఉండటానికైతే నేనే వెళ్లమంటాను. కానీ ఓడ ముందు రాత్రికి వద్దు. హార్బర్‌కి పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం. మామూలు రోజు పెద్ద విషయం కాదు గానీ, వైజాగ్‌లో మామూలు కాని రోజులు కొన్ని ఉంటాయి. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది. లక్షల మంది 32 కిలోమీటర్లు కాలినడకన కొండ చుట్టూ తిరిగేటప్పుడు హనుమంతవాక, అప్పుఘర్ వైపు రోడ్లు వాళ్లవే. వైజాగ్‌కి క్రూజులు జూన్, జూలై నెలల్లో కూడా వచ్చాయి కాబట్టి ఈ రెండూ ఒకే రోజున పడటం పెద్ద వింతేమీ కాదు. ఓడ టికెట్ తేదీ పక్కన పంచాంగం కూడా ఒకసారి తిరగేయండి.

ఇక అసలు పోటీ మూడింటి మధ్య: స్టేషన్–కాంప్లెక్స్ (ఆర్టీసీ బస్టాండు) ప్రాంతం, డాబాగార్డెన్స్–జగదాంబ ప్రాంతం, బీచ్ రోడ్డు.

స్టేషన్ దగ్గరి లాడ్జీలకు ఉన్న గొప్ప గుణం ఒక్కటే, అర్ధరాత్రి దిగినవాడికి పది నిమిషాల్లో మంచం దొరుకుతుంది. సికింద్రాబాద్ నుంచి మధ్యాహ్నం మూడింటికి బయలుదేరే వందేభారత్ ఇక్కడికి చేరేసరికి రాత్రి పదకొండున్నర అవుతుంది. నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని అప్పుడు బీచ్ రోడ్డు దాకా పోవడం దేనికి? ఆ రైలుకి వచ్చేవాళ్లు నిస్సంకోచంగా స్టేషన్ దగ్గరే దిగొచ్చు. మిగతావాళ్లకు నేను చెప్పను. గదులు ఇరుకు, రాత్రంతా హారన్ల మోత, పాత లాడ్జీల్లో లిఫ్ట్ ఉందంటే ఉంది అన్నట్టుంటుంది. అన్నట్టు, హౌరా వైపు వెళ్లే కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌కి రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. మీ టికెట్ మీద దువ్వాడ అని ఉంటే స్టేషన్ దగ్గర గది తీసుకోవడంలో అర్థమే లేదు, ఎలాగూ కారు మాట్లాడుకోవాల్సిందే.

పొద్దున్నే బయలుదేరే రెండో వందేభారత్ మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో వస్తుంది. దాన్ని చూసి, "ఓడ సాయంత్రం కదా, అదే రోజు వచ్చేస్తే హోటల్ ఖర్చు మిగులుతుంది" అని లెక్క వేసేవాళ్లున్నారు. ఓడ కదలడానికి చాలా ముందే చెక్-ఇన్ మూసేస్తారు. రైలు గంట ఆలస్యమైతే మిగిలేది ఫ్లాట్‌ఫారం మీద టెన్షనే. ఆ రైలుకి ముందు రోజు రండి. హాయిగా ఉంటుంది, పైగా దానికో లాభం కూడా ఉంది, చెబుతాను.

ఆ లాభం దొరికేది డాబాగార్డెన్స్, సూర్యాబాగ్, జగదాంబ ప్రాంతంలో. నా ఓటు దీనికే. డాల్ఫిన్, దసపల్లా లాంటి పాత పెద్ద హోటళ్ల నుంచి మధ్యరకం లాడ్జీల దాకా అన్నీ ఇక్కడ దగ్గర దగ్గరగా ఉంటాయి. స్టేషనూ దూరం కాదు, హార్బరూ దూరం కాదు, మూడు నాలుగు కిలోమీటర్ల మాట. కానీ దూరం కంటే నేను ముఖ్యంగా చూసేది ఇరవై నాలుగు గంటల పద్ధతి. మన వైపు చాలా లాడ్జీల్లో ఏ వేళకి దిగితే మర్నాడు అదే వేళదాకా గది మీదే. మధ్యాహ్నం రెండున్నరకి దిగారనుకోండి, మర్నాడు రెండున్నర దాకా అడిగేవాడు లేడు. పిల్లలు పొద్దెక్కేదాకా పడుకోవచ్చు, పెద్దవాళ్లు భోంచేసి కాసేపు నడుం వాల్చవచ్చు, ఆపైన నేరుగా పోర్టుకి. అదే పన్నెండింటికి ఖాళీ చేయమనే హోటలైతే, బోర్డింగ్ మూడింటికి అని టికెట్ మీద ఉన్నవాళ్లు మూడు గంటల సేపు లాబీలో పెట్టెల మీద కూర్చోవాలి.

అయితే ఈ పద్ధతి తిరగబడే సందర్భం ఒకటుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి ముందు రోజు పొద్దున ఆరింటికే గదిలో చేరారా, మర్నాడు ఆరింటికల్లా మీ ఇరవై నాలుగు గంటలు అయిపోతాయి. పగలు గడవాలంటే రెండో రోజు అద్దె కట్టాలి. అలాంటివాళ్లకు మధ్యాహ్నం పన్నెండింటికి చెక్-అవుట్ ఉన్న హోటలే నయం. పెట్టెలు రిసెప్షన్‌లో పడేసి, టిఫిన్ చేసి, మధ్యాహ్నం గదిలోకి వెళ్లొచ్చు. కాబట్టి ఫోన్ చేసినప్పుడు అద్దె ఎంత అనే ముందు చెక్-అవుట్ ఎప్పుడు అని అడగండి.

డబ్బు లెక్క కూడా ఇక్కడే తేడా కొడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ పైన ఉన్న గదులకు మాత్రం 18 శాతమే. అమ్మానాన్న, మీరిద్దరు, పిల్లలిద్దరు, మొత్తం ఆరుగురు అనుకుందాం. బీచ్ రోడ్డులో 8,000 రూపాయల ఫ్యామిలీ సూట్ ఒకటి తీసుకుంటే పన్ను 1,440. ఊళ్లో 4,000 చొప్పున రెండు గదులు తీసుకుంటే పన్ను రెండింటికీ కలిపి 400. అద్దె ఒకటే, పన్నులోనే 1,040 మిగిలింది. పైగా రెండు బాత్రూములు. పొద్దున ఆరుగురు తయారవ్వాల్సిన రోజున రెండో బాత్రూమ్ విలువ ఎంతో ఆడవాళ్లని అడగండి, చెబుతారు.

ఇంకో సంగతి, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు మందులు. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు, బీపీ మాత్రలు ఇంట్లో మర్చిపోయామని గుర్తొచ్చేది సరిగ్గా ఆ రాత్రే. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టూ మందుల షాపులు బోలెడు, జగదాంబ నుంచి నాలుగడుగులు. ఓడలో డాక్టర్ ఉంటాడు గానీ, మీ నాన్నగారు వాడే మాత్ర అక్కడ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఇక్కడ లోపాలు లేవని కాదు. ఈ పెద్ద హోటళ్లలో ఫంక్షన్ హాళ్లు ఉంటాయి. ముహూర్తాల రోజైతే బ్యాండు మేళం రాత్రి పొద్దుపోయేదాకా మోగుతుంది. హాలుకి దూరంగా, పై అంతస్తులో గది ఇమ్మని బుకింగ్ రోజే చెప్పాలి. ఇంకా మార్గశిర మాసం గురువారాలు గుర్తుంచుకోండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో వన్‌టౌన్ దారులు కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజు ఓడ ఉంటే గంట ముందు కదలడం మంచిది. దర్శనం కూడా చేసుకుని వెళ్దామని ఇంట్లో ఎవరైనా అంటే, అది బుధవారమే కానిచ్చేయండి.

బీచ్ రోడ్డుని మరీ తీసిపారేయలేను. దూరంలో నిజానికి గెలిచేది దాని దక్షిణపు కొసే. కోస్టల్ బ్యాటరీకి దగ్గర్లో ఉన్న నోవోటెల్ లాంటి చోట దిగితే హార్బర్ అక్కడికి కూతవేటు. సాయంత్రం నాలుగింటికి చేరితే పిల్లలకు కుర్సురా జలాంతర్గామి చూపించి, ఎదురుగా టీయూ-142 విమానం ఎక్కించి, ముంత మసాలా తినిపించి, తొమ్మిదింటికల్లా పడుకోబెట్టొచ్చు. సోమవారం మాత్రం కుర్సురా మూసి ఉంటుంది. గది 7,500 దాటినా ఫర్వాలేదనుకునేవాళ్లు, ఊరు చూడటం ఇదే మొదటిసారి అయినవాళ్లు ఇక్కడే దిగండి, నేను వద్దనను. కాకపోతే బీచ్ రోడ్డు అన్న పేరు చూసి మోసపోకండి. అది ఇటు కోస్టల్ బ్యాటరీ నుంచి అటు భీమిలి దాకా పోతుంది. బుకింగ్ యాప్‌లో "బీచ్ రోడ్" అని ఉన్న హోటల్ సాగర్ నగర్ అవతల కూడా ఉండొచ్చు. మ్యాప్ తెరిచి హార్బర్ నుంచి ఎంత దూరమో కొలిచాకే డబ్బు కట్టండి.

ఇక పొద్దున నడకకు వచ్చేవాళ్ల కోసం ఆర్కే బీచ్ దగ్గర రోడ్డు కొంత మేర ఏడు, ఏడున్నర దాకా బండ్లకు మూసేస్తారు. మధ్యాహ్నం ఓడకి దానితో ఇబ్బంది లేదు గానీ, తెల్లవారుజామున ఎవరినైనా స్టేషన్ నుంచి తీసుకురావాల్సి ఉంటే చుట్టు తిరిగి రావాలి. డిసెంబరు 4 నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాదైతే, రిహార్సల్స్ నుంచే ఈ రోడ్డు మీద ఆంక్షలు మొదలవుతాయి. ఆ వారంలో అయితే జగదాంబే.

ఎయిర్‌పోర్టు, ఎన్‌ఏడీ, గాజువాక వైపు కొత్త హోటళ్లు చవగ్గా, శుభ్రంగా ఉంటాయి. కానీ పొద్దున లారీల మధ్య ఊరంతా దాటి రావాలి. అర్ధరాత్రి విమానం దిగేవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పను. విమానాలు భోగాపురానికి మారితే అది కూడా ఉండదు. అక్కడి నుంచి నగరానికే నలభై అయిదు కిలోమీటర్లు, ఎలాగూ రావాల్సిందే కాబట్టి నేరుగా ఊళ్లోకి వచ్చి పడుకోవచ్చు.

అన్నిటికంటే చిక్కు చుట్టాలిల్లు. మధురవాడలో పిన్ని ఉంది, గాజువాకలో బావగారున్నారు. హోటల్లో దిగారని తెలిస్తే "మేం చచ్చామనుకున్నారా?" అని ఏడాది పొడుగునా సాధిస్తారు. డబ్బు పరంగా ఇదే చవక, భోజనం పరంగా ఇదే మేలు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఇంట్లో రాత్రి పన్నెండు దాకా కబుర్లు, పొద్దున పెసరట్టు తినందే కదలనివ్వరు, "ఇంకా టైముంది కదా" అంటూ గుమ్మం దగ్గర బొట్టు పెట్టే సరికి అరగంట. పైగా దారికని పులిహోర డబ్బా చేతిలో పెడతారు. బయట వండిన తిండిని చాలా క్రూజుల్లో లోపలికి రానివ్వరు. ఇస్త్రీ పెట్టె, కెటిల్ కూడా అంతే, స్కానింగ్‌లో పట్టేస్తారు. నేను చెప్పే ఉపాయం, పిన్నినీ బాబాయినీ సాయంత్రం మీ హోటల్‌కే భోజనానికి పిలవండి. పులిహోర తెస్తానంటే తెమ్మనండి, రాత్రికే అయిపోతుంది. చీరలు, చొక్కాలు కూడా హోటల్లోనే ఇస్త్రీ చేయించుకోండి.

ఎక్కడ దిగినా పోర్టుకి వెళ్లే బండి ముందే మాట్లాడుకోవాలి. ఆరుగురు, ఏడెనిమిది పెట్టెలు అంటే మామూలు క్యాబ్ చాలదు. డ్రైవర్ వచ్చి, చూసి, క్యాన్సిల్ చేసి పోతాడు. ఎర్టిగానో ఇన్నోవానో కావాలి, ఆ పైన ఒక ఆటో. హోటల్ వాళ్లని అడిగితే రాత్రే కుదురుస్తారు. పోర్టు లోపలికి సీఐఎస్‌ఎఫ్ తనిఖీ దాటి వెళ్లాలి. ఏ గేటు, బండి ఎంతదాకా రావొచ్చు అన్నది టికెట్‌తో వచ్చిన కాగితంలో చదివి డ్రైవర్‌కి ముందే చెప్పండి. ఆధార్ కార్డులు హోటల్ రిసెప్షన్‌లో జిరాక్స్ కోసం ఇస్తే, గదిలోకి వెళ్లేలోపే తిరిగి తీసుకోండి. మర్నాడు అందరి అసలు కార్డులూ చేతిలో ఉండాలి.

సొంత కారులో వచ్చే విజయనగరం, శ్రీకాకుళం, రాజమండ్రి వాళ్లకు ఇంకో ప్రశ్న ఉంటుంది: ఓడలో ఉన్నన్నాళ్లూ కారెక్కడ? డాబాగార్డెన్స్ పాత హోటళ్లలో పార్కింగ్ ఇరుకు, గది ఖాళీ చేశాక కారు ఉంచనిచ్చేది మేనేజర్ దయ. బీచ్ రోడ్డు పెద్ద హోటళ్లలో చోటు ఉంటుంది, డబ్బు తీసుకుని ఒప్పుకోవచ్చు. తిరిగొచ్చాక మళ్లీ ఒక రాత్రి ఇక్కడే ఉంటామని చెబితే ఎక్కడైనా మాట తేలిగ్గా కుదురుతుంది. కానీ ముందు మీ టికెట్ రానూపోనూనా, లేక చెన్నైలో దించేసేదా చూడండి. చెన్నైలో దించేదైతే కారు ఇంటి దగ్గరే వదిలి రైలెక్కి రండి.