బీపీ మిషన్: జబ్బకు చుట్టేదా, మణికట్టుకు పెట్టేదా?

మణికట్టు బీపీ మిషన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చొక్కా చెయ్యి మడవక్కర్లేదు, చిన్న సంచిలో పట్టేస్తుంది. అందుకే మొదట నేనూ అదే కొన్నాను. ఒకరోజు చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తే పై అంకె 152. అనుమానం వచ్చి కాసేపు ఆగి, మోచెయ్యి బల్లకు ఆనించి, మణికట్టును గుండె ఎత్తుకు తెచ్చి చూస్తే 138. తప్పు మిషన్‌ది కాదు, నా చెయ్యి పెట్టిన చోటుది. మణికట్టు గుండె కన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె 7, 8 దాకా పెరుగుతుంది. పైకి ఉంటే అంతే తగ్గుతుంది. రోజూ ఒకే ఎత్తులో పెట్టుకునే ఓపిక ఉన్నవాళ్లకు సరే. నాకైతే లేదు.

జబ్బకు చుట్టే డిజిటల్ మిషన్‌తో ఈ తంటా తక్కువ. చెయ్యి బల్ల మీద ఆనిస్తే పట్టీ ఇంచుమించు గుండె ఎత్తులోనే ఉంటుంది. ఇంట్లో వాడుకోడానికి నా ఓటు దీనికే. కాకపోతే కొనేవాళ్లు తెర ఎంత పెద్దది, ఎన్ని రీడింగులు దాచుకుంటుంది అని చూస్తారు గానీ పట్టీ సైజు పట్టించుకోరు. తేడా వచ్చేది అక్కడే. పట్టీలో గాలి నిండే సంచి జబ్బ చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టుకోవాలి. లావుపాటి జబ్బకు చిన్న పట్టీ కడితే లేని బీపీ కనబడుతుంది, సన్నటి జబ్బకు పెద్దది కడితే ఉన్న బీపీ దాక్కుంటుంది. భుజానికీ మోచేతికీ నడిమధ్య టేపుతో కొలుచుకుని, పట్టీ మీద రాసిన సెంటీమీటర్లతో పోల్చి కొనండి. ఏ పట్టీ సరిపోనంత లావు జబ్బ అయితే అప్పుడు మణికట్టు మిషనే దిక్కు.

"ఎన్ని చెప్పినా పాదరసం మిషనే నికరం" అనే పెద్దలున్నారు. అందులో నిజముంది. పట్టీలో గాలి వదులుతుంటే స్టెతస్కోపుతో డాక్టరు వినేది, 1905లో కొరొట్కాఫ్ అనే రష్యా డాక్టరు చెప్పిన రక్తనాళపు చప్పుళ్లనే. అవి మొదలైన చోట పై అంకె, ఆగిన చోట కింది అంకె. ఇంట్లో వాడే డిజిటల్ మిషన్లు మామూలుగా ఆ చప్పుళ్లు వినవు, పట్టీలోని గాలి అదురును బట్టి అంకెలు లెక్కగడతాయి. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లలో ఆ లెక్క తడబడొచ్చు, వాళ్లు రెండు మూడుసార్లు చూసుకోవాలి. అయినా పాదరసం విషం. పాదరసం వాడకం తగ్గించాలని 2013లో దేశాల మధ్య కుదిరిన మినమాటా ఒప్పందం ప్రకారం 2020 తర్వాత ఆ మిషన్ల తయారీయే ఆపాలి. ముల్లు తిరిగే మిషన్ అంటారా, ఒకసారి కింద పడిందంటే దాని మాట నమ్మలేం.

బీపీ చూపించే వాచీల్లో చాలావాటిని పట్టీ మిషన్‌తో తరచూ సరిచూసుకోవాలి. అంటే ఎలాగూ ఆ మిషన్ కొనాల్సిందే!

ఏ మిషన్ అయినా 5 నిమిషాలు కదలకుండా కూర్చున్నాకే చూడాలి, మధ్యలో మాట్లాడకూడదు. ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి. ఆసుపత్రిలో 140/90 అన్నది ఇంటి కొలతలో సుమారు ఇదే.

చేతిలో బీపీ మామూలుగా ఉన్నంత మాత్రాన కాళ్ల రక్తనాళాలు బాగున్నట్టు కాదు. దానికి చీలమండ దగ్గర పై అంకె కొలిచి, చేతి అంకెతో భాగిస్తారు (ఏబీఐ పరీక్ష అంటారు). 0.9 లేదా అంతకన్నా తక్కువొస్తే కాలి నాళాలు సన్నబడ్డాయని అర్థం. షుగర్ ముదిరినవాళ్లలో నాళాలు గట్టిపడి 1.4 దాటొచ్చు, అదీ మంచిది కాదు. నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతుంటే ఇంటి మిషన్‌తో కుస్తీ మాని ఈ పరీక్ష అడిగి చేయించుకోండి.