చేతికి కట్టే ఎర్ర లేజర్ గడియారం: రక్తనాళానికి నిజంగా అందేదెంత?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ల చేతులకు కనిపిస్తున్న వస్తువిది. చూడ్డానికి లావుపాటి గడియారం. తిప్పి చూస్తే అడుగున ఎర్ర వెలుగొచ్చే చిన్న రంధ్రాలు వరుసగా ఉంటాయి. ముక్కులో పెట్టుకునే వైరు ఒకటి తోడొస్తుంది. పెట్టె మీద 650 నానోమీటర్లు (వెలుగు రంగును తెలిపే తరంగదైర్ఘ్యం), ఒక్కో డయోడ్‌కు (వెలుగిచ్చే చిన్న చిప్పుకు) 5 మిల్లీవాట్లు అని రాసుంటుంది. రోజూ అరగంట కట్టుకుంటే రక్తం శుద్ధి అవుతుంది, మూసుకున్న నాళాలు తెరుచుకుంటాయి, షుగర్ దిగుతుంది అని అమ్ముతారు. ఏదో ఒక్క కంపెనీ సరుకు గురించి కాదు, ఈ రకం మొత్తం గురించి రాస్తున్నాం. ఎర్ర వెలుగుకు కణాలు స్పందించే మాట నిజమే. పెట్టె మీది హామీలకు మాత్రం ఆధారం దొరకదు. ఐదుకు ఒక్క మార్కు ఇస్తాం.

ఆ ఒక్కటి దేనికంటే, దీని వెనకున్న విజ్ఞానం గాలికబురు కాదు. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు బొచ్చు గీసిన ఎలుకల మీద బలహీనమైన రూబీ లేజర్ వేస్తే బొచ్చు తొందరగా పెరిగింది. అక్కణ్ణుంచి మొదలైన పరిశోధన రక్తనాళాల దాకా వచ్చింది. నాళం లోపలి గోడకు ఒకే వరుసగా పరుచుకున్న కణాల పొర ఉంటుంది. వాటిని ఎండోథీలియల్ కణాలంటారు. బొడ్డుతాడు సిర నుంచి తీసి పళ్లెంలో పెంచిన ఈ కణాల మీద ఎర్ర వెలుగు, కంటికి కనిపించని పరారుణ వెలుగు వేసి చాలా ప్రయోగాలు జరిగాయి. తగిన మోతాదులో కణాలు ఎక్కువగా విభజన చెందాయి, గీత గీసి చేసిన ఖాళీలోకి త్వరగా జరిగాయి, నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ విడుదల చేశాయి. నాళం చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేసేది ఈ నైట్రిక్ ఆక్సైడే. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఏమిటంటే, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ వెలుగును పీల్చుకుంటుంది, దాన్ని పట్టుకుని ఆపుతున్న నైట్రిక్ ఆక్సైడ్ ఊడిపోతుంది, కణానికి శక్తి తయారీ పెరుగుతుంది.

అసలు మెలిక మోతాదులో ఉంది. శక్తిని జౌళ్లలో లెక్కిస్తారు: వాట్లను సెకన్లతో గుణిస్తే జౌళ్లు. దాన్ని వెలుగు పడ్డ వైశాల్యంతో భాగిస్తే మోతాదు. పళ్లెం ప్రయోగాల్లో మంచి ఫలితాలు ఎక్కువగా చదరపు సెంటీమీటరుకు ఒకటి నుంచి ఐదారు జౌళ్ల దగ్గర వచ్చాయి. బాగా పెంచితే అదే వెలుగు కణాల పెరుగుదలను అణిచేస్తుంది. ఎంత ఎక్కువైతే అంత మేలు అనే సూత్రం ఇక్కడ పనిచేయదు.

ఇప్పుడు గడియారం లెక్క చూద్దాం. 5 మిల్లీవాట్లు, అరగంట, అంటే 1800 సెకన్లు: ఒక్కో డయోడ్ నుంచి 9 జౌళ్లు. వెలుగు చుక్క 3 మిల్లీమీటర్ల వెడల్పుంటే దాని వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటర్లు. చర్మం మీద మోతాదు చదరపు సెంటీమీటరుకు 128 జౌళ్ల దాకా పోతుంది. చర్మంలోని నల్లరంగు ఎర్ర వెలుగును బాగా పీల్చుకుంటుంది కాబట్టి, నాడి కొట్టుకునే రేడియల్ ధమనికి చేరేసరికి అందులో చాలా భాగం పోతుంది. ఎంత మిగులుతుందన్నది చర్మం రంగును, కొవ్వును, పట్టీ బిగువును బట్టి మారుతుంది. గడియారం అర సెంటీమీటరు పక్కకు జరిగితే ఆ డయోడ్ ధమనిని వదిలేసి స్నాయువు మీద పడుతుంది. అంటే పైచర్మానికి ఎక్కువ, ధమని గోడకు ఎంతో తెలియని మోతాదు.

ఇక రక్తం సంగతి. రేడియల్ ధమనిలో రక్తం సెకనుకు పది సెంటీమీటర్లకు అటూఇటూ వేగంతో పోతుందనుకుంటే, ఒక ఎర్రకణం ఆ 3 మిల్లీమీటర్ల వెలుగు కింద ఉండేది సెకనులో 33వ వంతు. దారిలో ఏమీ పోలేదనుకున్నా, ఆ కాసేపట్లో పడే మొత్తం వెలుగు 0.00015 జౌల్. దీంతో రక్తం శుద్ధి కాదు. ఆ పని కిడ్నీలది, కాలేయానిది. మణికట్టు దగ్గర కాస్త నైట్రిక్ ఆక్సైడ్ పుట్టినా, రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని క్షణాల్లో లాగేసుకుంటుంది. పాదం దాకా ప్రయాణం చేసి అక్కడి నాళాలను తెరవడమనేది జరిగే పని కాదు.

దీన్ని అమ్మే శిబిరాల్లో చూపించే రుజువును జాగ్రత్తగా గమనించండి. మనిషి ఎండలో నడిచొచ్చి, మెట్లెక్కి కూర్చోగానే బీపీ చూస్తారు. గడియారం కట్టి అరగంట కూర్చోబెట్టి మళ్లీ చూస్తారు. తగ్గుతుంది. స్విచ్ వేయకుండా కట్టి కూర్చోబెట్టినా తగ్గుతుంది, ఎందుకంటే అది విశ్రాంతి తెచ్చిన తగ్గుదల. ఇంట్లో పరీక్షించాలంటే రెండు రోజులు ఒకే సమయానికి, ముందు ఐదు నిమిషాలు కూర్చుని బీపీ చూసుకోవాలి. ఒక రోజు వెలిగించి, ఒక రోజు ఆర్పి కట్టుకుని, అరగంట తర్వాత మళ్లీ చూసి పోల్చాలి.

లేజరా, మామూలు ఎల్ఈడీయా అన్నది తెలుసుకోవడం సులువు. చీకటి గదిలో తెల్లగోడకు జానెడు దూరం నుంచి వెలుగు వేసి, గోడ మీది మరకను చూడండి. లేజరైతే ఇసుక చల్లినట్టు గరుకుగా, తల కదిపితే మిణుకుమంటూ కనిపిస్తుంది. ఎల్ఈడీ నున్నగా పరుచుకుంటుంది. ఒకే తరంగదైర్ఘ్యం, ఒకే మోతాదు ఉంటే కణానికి పెద్ద తేడా ఉండదు, కానీ లేజర్ పేరుతో డబ్బు తీసుకున్నారు కదా. ఖరీదులో తేడా ఎక్కువగా అందుకే. డయోడ్ లోపలికి నేరుగా మాత్రం చూడొద్దు.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో కీళ్లు బిగిసినవాళ్లకు కూడా దీన్ని అంటగడుతున్నారు. ఎముకలో చేరిన ఫ్లోరైడును ఏ వెలుగూ బయటికి తీయదు. అంతకంటే భయపెట్టేది షుగర్ పుండు. పాదం మీద పుండుంటే ముందు జరగాల్సినవి వేరే ఉన్నాయి: చచ్చిన కండ తీయించడం, ఆ చోట బరువు పడకుండా చేయడం, చీము ఉంటే మందులు, కాలికి రక్తం అందుతోందో లేదో చూడటం. చీలమండ బీపీని చేతి బీపీతో భాగించే పరీక్ష ఉంది. 0.9 కంటే తక్కువొస్తే నాళం ఇరుకైనట్టు. షుగర్ ఉన్నవాళ్లలో నాళం గట్టిపడి 1.3 దాటొచ్చు, అప్పుడు ఆ అంకెను నమ్మలేం, డాప్లర్ (నాళాల్లో రక్తప్రవాహాన్ని చూసే పరీక్ష) చేయించాలి. గడియారం కట్టుకుని రెండు నెలలు ఆగితే వేలు పోవచ్చు.

ఫిజియోథెరపీ సెంటర్లలో వాడే లేజర్ ప్రోబ్ వేరే సంగతి. 808 నానోమీటర్లు, 100 మిల్లీవాట్లు అయితే ఒక చోట 40 సెకన్లు పెడితే 4 జౌళ్లు. ఆ వెలుగు ఎర్రదానికంటే లోతుకు పోతుంది, కంటికి కనిపించదు కాబట్టి రెప్ప వాలదు. మీకూ, చేసేవారికీ రక్షణ కళ్లద్దాలు లేకపోతే లేచి వచ్చేయండి. తరంగదైర్ఘ్యం, పవర్, ఒక్కో చోటికి జౌళ్లు అడిగితే వెంటనే చెప్పగలగాలి. కేన్సర్ గడ్డ మీద, గర్భిణుల పొట్ట మీద, థైరాయిడ్ మీద వేయకూడదు. వెలుగుకు చర్మం త్వరగా కందేలా చేసే డాక్సీసైక్లిన్ లాంటి గోలీలు వేసుకుంటుంటే ముందే చెప్పాలి.

ఇప్పటికే గడియారం కొన్నవాళ్లు ముక్కు వైరు పక్కన పెట్టేయండి. స్పర్శ తగ్గిన చేతికి కట్టొద్దు, కట్టిన చోట ఎరుపు, మంట కనిపిస్తే తీసేయండి. షుగర్, బీపీ గోలీలు ఒక్కపూట కూడా ఆపొద్దు. అవి సర్కారు దవాఖానలో ఉచితంగానే ఇస్తారు. తిరిగిచ్చే గడువు ఉంటే బిల్లు, పెట్టె, హామీలు రాసిన కరపత్రం మూడూ దాచిపెట్టండి. వినియోగదారుల కమిషన్‌కు పోవాల్సి వస్తే బలమైన ఆధారం ఆ కరపత్రమే.