"ఇరవై ఏళ్లయినా నిండదు" అన్నారంటే ఆ సెప్టిక్ ట్యాంకు మూత తీయించండి

పల్లెలో కట్టిన ఇల్లు గానీ, ఊరి శివారు వెంచర్లో రెడీగా ఉన్న ఇల్లు గానీ కొనేవాళ్లు అడ్వాన్సు చేతిలో పెట్టకముందు చూసుకోవాల్సిన సంగతి ఇది.

"ట్యాంకు ఇరవై ఏళ్ల దాకా తీయించక్కర్లేదండీ, నిండనే నిండదు" అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. నిజానికి అది వాళ్లంతట వాళ్లు ఒప్పుకుంటున్న లోపం. సెప్టిక్ ట్యాంకు వాడకం మొదలైన కొద్ది రోజులకే నిండి, ఆ తర్వాత ఎప్పుడూ నిండుగానే ఉండాలి. బయటికి పోయే పైపు మట్టం దాకా నీళ్లు నిలిస్తేనే బురద అడుక్కి దిగుతుంది, జిడ్డు పైన తెట్టు కడుతుంది, మధ్యలో తేరిన నీళ్లు ఇంకుడు గుంతలోకి పోతాయి. నిండలేదంటే అడుగు నుంచి కారిపోతోంది.

ప్లాన్లో ట్యాంకు, ఇంకుడు గుంత రెండూ గీసి ఉంటాయి. నేలలో మాత్రం అడుగున కాంక్రీటు లేని సిమెంటు రింగుల గుంత ఒక్కటే ఉంటుంది. నాలుగడుగుల రింగులు ఎనిమిదో పదో దింపి, పైన బిళ్ల వేసి, దానికే ట్యాంకు అని పేరు పెడతారు. గోదావరి డెల్టాలాంటి చోట్ల భూగర్భ జలం పైనే ఉంటుంది కాబట్టి ఆ మురుగు నేరుగా అందులో కలుస్తుంది. నల్లరేగడిలో ఇందుకు వ్యతిరేకం: ఇంకదు, వానాకాలంలో మరుగుదొడ్డి బేసిన్‌లోకి ఎగదన్నుతుంది. అప్పుడు రాత్రికి రాత్రి ఓ పైపు వేసి వీధి కాలువలో కలిపేస్తారు. (స్వచ్ఛభారత్ రెండు గుంతల మరుగుదొడ్డి వేరు. అది ఇంకడానికే కట్టేది, ఒకటి నిండాక రెండోదానికి మళ్లిస్తారు. ఒకే గుంత చూపించి "అదే ఇది" అంటే నమ్మకండి.)

సెప్టిక్ ట్యాంకులకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఐదుగురు వాడే ట్యాంకు లోపలి కొలత 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు. రెండేళ్లకోసారి బురద తీయించేలా అయితే నీటి లోతు 1.05 మీటర్లు, దానిపైన 30 సెంటీమీటర్ల ఖాళీ. పది మందికైతే 2 మీటర్లు, 0.9 మీటర్లు, లోతు 1.4.

మూత తీయించినప్పుడు దగ్గరగా వంగి చూడకండి, అగ్గిపుల్ల గీయకండి. లోపలి గ్యాస్ అంటుకుంటుంది, ఊపిరి ఆపేస్తుంది. కాసేపు గాలి ఆడనిచ్చి, పక్కనుంచి టార్చి వేయండి. వచ్చే పైపు కన్నా పోయే పైపు 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. పోయే పైపుకు లోపలివైపు టీ ముక్క (ఇంగ్లీషు T ఆకారపు పైపు ముక్క) తప్పనిసరి. అది లేకపోతే తెట్టు నేరుగా ఇంకుడు గుంతలోకి పోయి మట్టి రంధ్రాలను మూసేస్తుంది. తర్వాత పోయే పైపు మట్టం దాకా నీళ్లు పోయించి, గోడ మీద సుద్దతో గీత గీసి, ఒక రోజంతా బాత్రూములు వాడకుండా ఆపండి. మట్టం గీత నుంచి దిగిందా, కారుతున్నట్టే. మూత పోర్టికో టైల్స్ కింద ఉంది, తీయడం కుదరదంటే బేరం అక్కడే ఆపండి. రేపు ట్యాంకరు పైపు దింపడానికీ దారి ఉండదు.

ఇక దూరం. ఇంకుడు గుంత తాగే నీటి బావికి, బోరుకు కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగుల దూరంలో ఉండాలి. 200 గజాల స్థలం, ఉత్తరం వైపు ముప్పై అడుగుల ముఖం, అరవై లోతు అనుకోండి. వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో, ట్యాంకు, గుంత వాయవ్యంలో వేస్తారు. రెండింటి మధ్య ముప్పై అడుగులు కూడా మిగలవు. అంతకన్నా ముఖ్యం, మీ ఈశాన్యానికి తూర్పు పక్కింటి వాయవ్యం ఒకే ప్రహరీకి అటూ ఇటూ. మీ గుంత ఎంత బాగున్నా మీ బోరు పక్కనే వాళ్ల గుంత ఉంటుంది. కాబట్టి తూర్పు పక్కింట్లో ఏముందో కూడా అడగండి. ఆ బోరు నీళ్లు ల్యాబులో చూపించండి: లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు, 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) అస్సలు ఉండకూడదు.

ఖాళీ స్థలమైతే మట్టిని పరీక్షించండి. గుంత దింపే లోతు దాకా చిన్న రంధ్రం తీసి, అడుగున 5 సెంటీమీటర్ల కంకర పోసి, ముందురోజే నీళ్లతో బాగా నానబెట్టండి. మర్నాడు మళ్లీ నీళ్లు పోసి, 2.5 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. అరగంటలోపు దిగితే ఇంకుడు గుంత పనిచేస్తుంది. గంట దాటితే ఆ నేలలో ఎన్ని రింగులు దింపినా డబ్బు దండగ.

లోపలికి మనిషిని దింపి శుభ్రం చేయిస్తామంటే ఒప్పుకోకండి. రక్షణ పరికరాలు లేకుండా దింపడం మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

అగ్రిమెంటులో "సెప్టిక్ ట్యాంకు ఉన్నది" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. లోపలి కొలతలు, అడుగు కాంక్రీటు, ఇంకుడు గుంత ఉన్న చోటు, బోరుకు దూరం అడుగుల్లో రాయించి, పంచాయతీ అనుమతి ప్లాన్ కాపీ దానికి జతచేయించండి.