చెన్నై ఉక్కపోతలో నాలుగేళ్లుగా ఫిట్‌నెస్ వాచీ

నెల్లూరు నుంచి ఉద్యోగరీత్యా చెన్నై వచ్చి స్థిరపడిన నేను, షుగరు అంచు మీద ఉందని డాక్టరు గారు హెచ్చరించిన తరువాత, 2021 చివర్లో, నలభై అయిదో ఏట, జీపీఎస్ ఉన్న ఫిట్‌నెస్ వాచీ ఒకటి కొన్నాను. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున మెరీనా లైట్‌హౌస్ దగ్గర బయలుదేరి, గాంధీ విగ్రహం మీదుగా శ్రామిక విగ్రహం దాకా మెల్లగా పరుగెత్తి తిరిగి వస్తాను. స్నానానికీ ఛార్జింగుకూ తప్ప వాచీ నా చేతి నుంచి దిగలేదు. ఇక్కడ రాసే మంచిచెడ్డలు మణికట్టుకు కట్టుకునే ఏ వాచీకైనా చాలావరకు వర్తిస్తాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

మొదటి ఏడాదంతా అడుగుల లెక్క వెంట పడ్డాను. రోజుకు 10,000 అడుగులు అనే లక్ష్యం వైద్యులు తేల్చిన అంకె అనుకునేవాణ్ని. అది 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ‘మాన్పోకెయి’ అనే అడుగుల మీటరు పేరు నుంచి పుట్టింది; ఆ మాటకు అర్థమే పదివేల అడుగుల మీటరు. పైగా వాచీ లెక్కించేది చేతి ఊపునే గాని కాలి అడుగును కాదు. టి.నగర్ రంగనాథన్ వీధిలో రెండు చేతులా సంచులు మోస్తూ గంటసేపు తిరిగిన రోజున నా లెక్కలో సగం అడుగులు కూడా పడలేదు. గుంతల రోడ్డు మీద స్కూటరు నడిపిన రోజున మాత్రం నడవని అడుగులు వచ్చి చేరాయి. అందుకే ఇప్పుడు వారానికి ఎన్ని నిమిషాలు గుండె వేగం పెరిగేలా కదిలానన్నదే చూస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన ప్రమాణం కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామమే.

ఈ వాచీలో నాకు నిజంగా పనికొచ్చింది గుండె వేగం ఒక్కటే. అయితే దాన్ని నమ్మదగ్గ పద్ధతిలో వాడుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. వాచీ అడుగున మెరిసే ఆకుపచ్చ దీపాలు చర్మంలోకి వెలుగు పంపుతాయి. రక్తం పీల్చుకోగా తిరిగివచ్చిన వెలుగు హెచ్చుతగ్గుల నుంచి వాచీ నాడిని లెక్కకడుతుంది. కదలకుండా కూర్చున్నప్పుడు ఈ లెక్క చక్కగా కుదురుతుంది. పరుగులో, ముఖ్యంగా పట్టీ వదులుగా ఉంటే, అడుగుల కుదుపునే వాచీ నాడిగా పొరబడే ప్రమాదం ఉంది. ఒకరోజు సహోద్యోగి దగ్గర, ఛాతీకి కట్టుకుని గుండె వేగం కొలుచుకునే ఛాతీ పట్టీ అరువు తెచ్చుకుని, రెండింటితోనూ పరుగెత్తాను. గాంధీ విగ్రహం దాటేసరికి వాచీ 168 చూపిస్తోంది, ఛాతీ పట్టీ 139 చూపిస్తోంది. నాకు ఆయాసం లేదు. అనుమానం వచ్చి నిమిషంపాటు అడుగులు లెక్కపెడితే సరిగ్గా 168 వచ్చాయి. అంతకు ముందు నెలల తరబడి నా గుండె అతిగా కొట్టుకుంటోందని దిగులుపడింది ఈ అంకెను చూసే. మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైగా, బిగుతుగా కట్టుకోవడం మొదలుపెట్టాక ఈ తప్పు బాగా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. గుండె పుట్టించే విద్యుత్ సంకేతాన్నే నేరుగా అందుకునే ఛాతీ పట్టీని తరువాత నేనూ కొనుక్కున్నాను. పరుగు రోజుల్లో అది తప్పనిసరి అని నా అభిప్రాయం.

220లోంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగాన్ని ఊహించే సూత్రాన్ని కూడా యథాతథంగా వాడకూడదు. ఇప్పుడు నాకు అది 171 అని చెబుతుంది; గట్టిగా పరుగెత్తినప్పుడు ఛాతీ పట్టీ మీద 181 చూశాను. ఆ అంకెను నేనే సెట్టింగుల్లో మార్చుకుని, మామూలు రోజుల్లో 138 దాటకుండా చూసుకుంటున్నాను.

ఈ హద్దు విలువ తెలిసింది చెన్నై ఎండాకాలంలోనే. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల వేగంతో వెళితే జనవరిలో నా గుండె 132 దగ్గర నిలుస్తుంది. మే నెలలో, ఇక్కడివారు కత్తిరి అని పిలిచే అగ్ని నక్షత్రం రోజుల్లో, సూర్యుడు రాకముందే అదే వేగానికి 149 అవుతుంది. సముద్రపు గాలిలోని తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటలో నీరు పోయి రక్తం పరిమాణం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె మరిన్నిసార్లు కొట్టుకోవాలి. వేగాన్ని బట్టి పరుగెత్తిన 2022 వేసవిలో రెండుసార్లు కళ్లు తిరిగి గట్టు మీద కూలబడ్డాను. గుండె వేగాన్ని బట్టి నడక, పరుగు మార్చుకుంటున్న గత మూడు వేసవుల్లో ఆ ఇబ్బంది ఒక్కసారి కూడా రాలేదు.

విశ్రాంతిలో ఉన్నప్పటి గుండె వేగం ఈ నాలుగేళ్లలో 68 నుంచి 59కి దిగింది. నిరుడు జూలైలో రెండు రోజులు వరుసగా అది 66, 70 చూపించింది, మూడో రోజు జ్వరం వచ్చింది. అప్పటినుంచి ఆ అంకె అయిదారు పెరిగితే ఆ పూట పరుగు మానేస్తున్నాను.

కేలరీల లెక్కను పట్టించుకోవద్దు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల మణికట్టు పరికరాలను పరీక్షిస్తే, ఖర్చయిన శక్తి విషయంలో అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్ని కేలరీలు ఖర్చయ్యాయని నమ్మి రెండు ఇడ్లీలు ఎక్కువ తినడం షుగరు అంచున ఉన్నవారికి క్షేమం కాదు. నిద్ర విషయంలో పడుకున్న, లేచిన వేళలు సరిగానే ఉంటాయి. గాఢనిద్ర, కలల నిద్ర అంటూ చేసే విభజనను నేను చూడటం మానేశాను.

ఇక ఉప్పుగాలి, చెమట. రెండో ఏడు ఛార్జింగు పిన్నులకు చిలుము పట్టి వాచీ ఛార్జి కాలేదు. చెమటవల్ల చెడితే వారంటీ వర్తించదని సర్వీసు సెంటరువారు చెప్పారు. చెమటలో వాడమనే అమ్మిన వస్తువుకు ఆ షరతు అన్యాయమని ఇప్పటికీ అనుకుంటున్నాను. మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్ది బాగుచేసుకున్నాను. అప్పటినుంచి ప్రతి పరుగు తరువాత మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే ఛార్జింగుకు పెడుతున్నాను. రబ్బరు పట్టీ కింద చెమటకాయలు లేస్తుంటే గుడ్డ పట్టీకి మారాను. అది వారానికోసారి ఉతుక్కోవచ్చు.

నా వాచీ చూసి నెల్లూరులోని మా అన్నయ్య కూడా కొంటానన్నాడు. ఆయన బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వాడతాడు. ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు కనుక వాచీ చూపే హద్దులు ఆయనకు సరిపోవని డాక్టరు గారితో మాట్లాడించాను. మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవమని డాక్టరు గారు చెప్పారు. అన్నయ్య ఇప్పుడు వాచీ లేకుండానే పెన్న ఒడ్డున నడుస్తున్నాడు, పక్కన మా వదిన మాట్లాడిస్తూ ఉంటుంది.