సెమీ, టాప్ లోడ్, ఫ్రంట్ లోడ్: ఏ వాషింగ్ మెషీన్ ఎక్కువకాలం నిలుస్తుంది?

వాషింగ్ మెషీన్ కొనబోతే ముందుగా కంటపడేది ‘మోటారుకి 10 ఏళ్ల వారంటీ’ అన్న స్టిక్కరు. నిజానికి మోటారు అంత తొందరగా పోయే భాగం కాదు. మెషీన్‌ని మూలకు నెట్టేవి చాలావరకు బేరింగు, సీలు, పీసీబీ (మెషీన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు). ఆ స్టిక్కరు వీటిలో దేనికీ వర్తించదు. కాబట్టి అడగాల్సింది వేరే: ముందు పోయేది ఏది, అది విడిగా దొరుకుతుందా?

ఈ లెక్కన అన్నిటికంటే మొండిది సెమీ ఆటోమేటిక్. ఉతకడానికో మోటారు, పిండడానికో మోటారు, కెపాసిటర్లు, చేత్తో తిప్పే టైమర్లు, ఒక బెల్టు, డ్రయర్ మూత తీస్తే బ్రేకు వేసే తీగ. చాలా మోడళ్లలో ఇంతకు మించి ఏమీ ఉండదు, పీసీబీ అసలే ఉండదు. మోటారు గుయ్‌మంటోంది గానీ తిరగడం లేదనుకోండి. ప్లగ్ పీకి, పల్సేటర్‌ని (టబ్ అడుగున బట్టల్ని తిప్పే చక్రాన్ని) చేత్తో తిప్పి చూడండి. సులువుగా తిరిగితే అనుమానం కెపాసిటర్ మీదే. పట్టేసినట్టుంటే కింద నాణెమో పిన్నీసో ఇరుక్కుని ఉంటుంది. కొత్త కెపాసిటర్‌కి పాతదాని మీదున్న మైక్రోఫారడ్ అంకే ఉండాలి, వోల్టేజి అంతకు తగ్గకూడదు. ప్లగ్ తీశాక కూడా అందులో కరెంటు నిలిచి ఉండొచ్చు, ఆ పని మెకానిక్‌కే వదిలేయండి. డ్రయర్ అడుగున రబ్బరు సీలు అరిగి నీళ్లు కారుతుంటే మాత్రం నాన్చకూడదు, అవి నేరుగా కింది మోటారు మీదే పడతాయి. ఇక నీళ్లు పట్టడం, తడిబట్టలు ఇటునుంచి అటు వేయడం మన వంతు. సెమీకి అసలు ఖర్చు అదే.

టాప్ లోడ్‌లో టబ్ నాలుగు సస్పెన్షన్ రాడ్లకు వేలాడుతుంది. అవి సడలితే పిండేటప్పుడు టబ్ బాడీకి దడదడా కొట్టుకుంటుంది. మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చాలి. నీళ్లు నిండడం లేదని ఎర్రర్ వస్తే పీసీబీ పోయిందని కంగారు పడొద్దు, ముందు ఇన్‌లెట్ పైపు విప్పి లోపలి జాలీలో ఇసుక చేరిందేమో చూడండి.

ఫ్రంట్ లోడ్ బాగా ఉతుకుతుంది. టాప్ లోడ్‌తో పోలిస్తే నీళ్లు సగం, ఒక్కోసారి అంతకన్నా తక్కువే పడతాయి. కానీ తడిబట్టల బరువంతా డ్రమ్ము వెనకనున్న బేరింగుల మీదే. వాటికి కాపలా ఒక్క రబ్బరు సీలు. అది అరిగితే నీళ్లు బేరింగులోకి దిగుతాయి, గ్రీజు పోతుంది, తుప్పు పడుతుంది. పిండేటప్పుడు విమానం లేస్తున్నట్టు మోత వస్తుంది. నమ్మకం కుదరకపోతే తలుపు తీసి, ఖాళీ డ్రమ్ము పై అంచుని పట్టుకుని పైకెత్తి చూడండి. బయటి టబ్ కదలకుండా డ్రమ్ము ఒక్కటే లకలకలాడితే బేరింగు పోయినట్టే. డ్రమ్ముని వెనకనుంచి పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం స్పైడర్‌ది ఇంకో బాధ. మోతాదు మించి పౌడరు వేస్తుంటే ఆ మడ్డి దానికి అంటుకుని లోహాన్ని తినేస్తుంది, చివరికి కాలు విరుగుతుంది.

బేరింగులు, సీలు పెద్ద ఖరీదు కావు. తంటా ఎక్కడంటే, చాలా మోడళ్లలో బయటి టబ్‌ని స్క్రూలతో బిగించకుండా రెండు ముక్కలూ కరిగించి అతికేస్తున్నారు. అప్పుడు బేరింగు కోసం టబ్ మొత్తం మార్చాలి, ఆ ఖర్చు చూసి చాలామంది కొత్తదే కొనేస్తారు. వారానికి 4 సార్లు ఉతికితే 8 ఏళ్లలో దాదాపు 1,660 ఉతుకులు. 5 ఏళ్లకే టబ్ పోతే అవి 1,040. మెషీన్ ధరకి రిపేర్లు కలిపి ఈ అంకెతో భాగిస్తే, కొనేటప్పుడు చవగ్గా కనిపించింది ఎంత ఖరీదో తేలుతుంది.

రిపేరు అందుబాటులో లేనిచోట, కరెంటు హెచ్చుతగ్గులు ఎక్కువున్నచోట నా ఓటు సెమీకే. నీళ్లకు కొరత లేక, ఓపికే తక్కువైతే టాప్ లోడ్. నీళ్లు పొదుపు కావాలి, బట్టలు నలగకూడదు అనుకుంటే ఫ్రంట్ లోడ్, అదీ స్క్రూల టబ్ ఉన్న మోడలైతేనే. షోరూములో ఈ సంగతి తెలియకపోవచ్చు. సర్వీసు సెంటరుకి ఫోన్ చేసి ‘ఈ మోడల్‌కి బేరింగు విడిగా ఇస్తారా, టబ్‌తోనే ఇస్తారా?’ అని అడగండి. ఫ్రంట్ లోడ్ ఇంటికి తెచ్చాక, రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనక బిగించిన ట్రాన్సిట్ బోల్టులు తీశాకే స్విచ్ వేయండి. అవి ఉండగా తిప్పితే మొదటి ఉతుక్కే మెషీన్ గదంతా గెంతుతుంది.