గోడ మకివారా కొనేముందు ఇతోసు లేఖతో కొలిచి చూడండి

మకివారా అంటే చుట్టిన గడ్డి. కరాటే పుట్టిన జపాన్ దీవి ఓకినావాలో నేలలో కర్ర పాతి, పిడికిలి తగిలే చోట వరిగడ్డి తాడు చుట్టి గుద్దుల సాధన చేసేవాళ్లు. ఇప్పుడు అదే పేరుతో గోడకు బిగించే పలకలు అమ్ముతున్నారు. గుంత తవ్వక్కర్లేదు, నాలుగు బోల్టులు చాలు. వీటిలో పనికొచ్చేవీ ఉన్నాయి, చేతిని పాడుచేసేవీ ఉన్నాయి.

ఏది ఏదో తేల్చడానికి ఇతోసు అంకో మాటకు మించిన కొలత లేదు. ఓకినావాలోని షురి పట్టణానికి చెందిన కరాటే గురువు ఇతోసు (1831–1915). పేరున్న యోధుడు మత్సుమురా సోకోన్‌కు శిష్యుడు, కరాటేను జపాన్ ప్రధాన భూభాగంలో వ్యాపింపజేసిన ఫునకోషి గిచిన్‌కు గురువు. కరాటేను బడిపిల్లల దాకా తెచ్చింది ఆయనే. 1908లో విద్యాధికారులకు రాసిన లేఖలో పది సూత్రాలు పెట్టారు. మకివారా గురించి అందులో ఉన్న సారం ఇది: భుజాలు దించాలి, ఛాతీ విప్పాలి, పాదాలతో నేలను గట్టిగా పట్టాలి, శక్తిని పొత్తికడుపులో నిలపాలి, ఒక్కో చేత్తో రోజుకు నూరు నుంచి రెండు వందల గుద్దులు వేయాలి. లెక్క చివర్లో వచ్చింది, ఒళ్లు నిలబెట్టే తీరు ముందొచ్చింది. ఆ తీరును కుదిర్చే పలకే మంచి పలక.

మొదటి రకం మందపాటి చెక్క దిమ్మ, పైన స్పాంజి, దానిమీద కాన్వాస్ గుడ్డ. ఇది వద్దే వద్దు. చెక్క వంగదు కాబట్టి గుద్దిన దెబ్బ అంతా మణికట్టుకూ మోచేతికీ భుజానికీ తిరిగొస్తుంది. ఆ అదురు కాచుకోవడానికి భుజం దానంతటదే పైకి లేస్తుంది, అంటే ఇతోసు దించమన్నదాన్నే ఈ దిమ్మ ఎత్తిస్తుంది. స్పాంజి ఎక్కువుంటే సరిపోతుందనుకోవద్దు. అది చర్మాన్ని కాపాడుతుందేగానీ, అణిగిపోయాక వెనక ఉన్నది ఆ దిమ్మే.

రెండో రకంలో రెండు పలకలుంటాయి. కింద కలిపి బిగించి, పైన సందు వదులుతారు. ముందు పలక స్ప్రింగులా వంగుతుంది, కొనదగ్గ గోడ మకివారా ఇదే. తాకగానే తేలిగ్గా ఉండి, లోపలికి పోయేకొద్దీ ఎదురుతోస్తుంది. ఆ ఎదురుతోపుడుకు నడుము వదులైతే తెలిసిపోతుంది, వెనక మడమ లేచినా తెలిసిపోతుంది. కొనేటప్పుడు పైఅంచును అరచేత్తో నెట్టి చూడండి. ఒక అంగుళమైనా వెనక్కి పోకపోతే అక్కడే వదిలేయండి. గుద్దినప్పుడు ‘టక్’మని చెక్కకు చెక్క తగిలితే సందు చాలలేదని అర్థం. ముందు పలకలో ముడి ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. బోల్టులు ప్రతి గుద్దుకూ కాస్త వదులవుతాయి గనుక వారానికోసారి బిగించాలి. బోలు ఇటుక గోడకైతే అసలు పెట్టొద్దు, పలక వెనక్కి కొట్టే ఊపుకు బిగింపులు ఊడొస్తాయి.

జాగా ఉంటే మాత్రం పాతిన కర్రకు సాటి లేదు. ఏడడుగుల కర్ర, రెండున్నర అడుగులు భూమిలో. అడుగున మూడు నాలుగు అంగుళాల మందం, పైకి పోయేకొద్దీ సన్నబడి కొసన అరంగుళం. వంపంతా ఆ సన్నదనంలోనే ఉంది. ఎక్కువమంది తప్పు చేసేది పాతడంలో. గుద్దినప్పుడు నేలమట్టం దగ్గర కర్ర వెనక్కి నెడుతుంది, అడుగు కొస ముందుకు తన్నుతుంది. అందుకే నేలమట్టానికి కాస్త కింద వెనకవైపు ఒక అడ్డచెక్క, అడుగున ముందువైపు ఇంకొకటి పెట్టి మట్టి దట్టించాలి. రెండూ ఒకే వైపు పెడితే కర్ర కొద్దిరోజుల్లోనే ఊగడం మొదలెడుతుంది. పాతే భాగాన్ని పైపైన కాల్చి తారు పూయాలి, నేలమట్టం దగ్గరే ముందు కుళ్లుతుంది.

ఏది కొన్నా మెత్త ఛాతీ ఎత్తులో ఉండాలి, చూపుడు వేలు, మధ్య వేలు కణుపులే తగలాలి. ఉంగరపు వేలి కణుపు ఎర్రబడుతోందంటే మణికట్టు పక్కకు వంగుతోందన్నమాట. మొదటి నెల చేతికి ఇరవై చాలు. నెమ్మదిగా నడిచే ఎద్దు కూడా చివరికి వెయ్యి కోసులు పోతుందని ఆ లేఖలోనే ఉంది. చర్మం లేస్తే మానేదాకా ఆపండి, రక్తం అంటిన గడ్డిని మార్చేయండి. ఇంకా ఎముకలు ఎదుగుతున్న పిల్లల కోసమైతే ఏ రకమూ కొనొద్దు.