శాంతి సేన: పగ్గాలు పట్టడం మేలా, కాపలా కాయడం మేలా?

ఐక్యరాజ్యసమితి శాంతి సేన వేరే దేశానికి వెళ్తే అక్కడి పగ్గాలే పట్టాలా, కాపలాతో ఆగాలా, ఈ రెంటిలో ఏది వలస పాలనకు దగ్గర? శాంతి సేనను వలస పాలనతో పోలిస్తే మనలో చాలామందికి మనసు నొచ్చుకుంటుంది. 1960లలో కాంగోకు వెళ్లిన మన జవాన్లు అక్కడే ప్రాణాలిచ్చారు మరి. అయినా బయటివాళ్ల పెత్తనం గురించిన ఈ ప్రశ్న వరంగల్‌వాళ్లకు కొత్తది కాదు. 1948 పోలీసు చర్య తర్వాత బయటి అధికారులు వచ్చారు, కొలువులూ బయటివాళ్లకే పోతున్నాయన్న కోపంతో 1952లో గైర్ ముల్కీ (స్థానికేతరులు వద్దన్న) గొడవ ఇక్కడే మొదలైంది. టీచరు పోస్టుల దగ్గర రాజుకున్నది, హైదరాబాద్‌లో కాల్పుల దాకా పోయింది.

తూర్పు తైమూర్‌లో ఐక్యరాజ్యసమితి ఏకంగా సర్కారే అయింది. 1999లో జనం ఇండోనేషియా నుంచి విడిపోతామని ఓటేస్తే మిలీషియాలు ఊళ్లు తగలబెట్టాయి. ఆపైన చట్టం చేసే అధికారం, అమలు చేసే అధికారం రెండూ సమితి పంపిన అధికారి సెర్జియో వియెరా డి మెలో చేతిలో పెట్టారు. నిజాం కాలపు సుబేదారుకు కూడా అంత అధికారం లేదు. మా మాట అడిగేదెవరని అక్కడి నాయకులు గట్టిగానే నిలదీశారు.

కరీబియన్ దేశం హైతీలో అలా కాదు. సర్కారు వాళ్లదే, 2004 నుంచి 2017 దాకా సేనది కాపలా పని. చూడ్డానికి ఇదే మర్యాదగా ఉంది. కానీ 2010 అక్టోబరులో మేయ్ అనే ఊరి దగ్గర సేన శిబిరం మలినాలు వాగులో కలిశాయి, అక్కణ్నుంచి ఆర్తిబొనీత్ నదిలోకి చేరాయి. జనం తాగేది, స్నానం చేసేది, బట్టలుతికేది ఆ నీళ్లతోనే. అలా పాకిన కలరాకు దాదాపు 10 వేల మంది చనిపోయారు. బాధితులు అమెరికా కోర్టుకెక్కితే సమితికి చట్టరక్షణ ఉందని కేసు కొట్టేశారు. సమితి అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పేసరికి 2016 డిసెంబరు వచ్చింది.

నా లెక్కలో హైతీ పద్ధతే వలస పాలనకు దగ్గర. ఈస్టిండియా కంపెనీతో 1798లో చేసుకున్న ఒప్పందంతో నిజాం గద్దె మీదే ఉన్నాడు, ఫౌజు మాత్రం ఇంగ్లీషువాళ్లది, ఖర్చు మనది. తర్వాత నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారులు నడిపిన కంటింజెంట్ ఫౌజు బాకీ కింద 1853లో బేరారు ప్రాంతం వాళ్ల చేతికి పోయింది. గద్దె మీద మనవాడున్నా, ఫౌజును అడిగే నాథుడు లేడు.

తైమూర్‌లో అధికారం ఎక్కువే, కానీ అది ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలుసు. 2001లో ఎన్నికలు పెట్టారు, 2002 మే 20న దేశాన్ని అప్పగించారు. 2006లో మళ్లీ గొడవలు రేగాయి, నిజమే. అయినా రెంటిలో ఒకటి ఎంచుకోమంటే నేను తైమూర్ వైపే.

హైతీతో సమితి చేసుకున్న ఒప్పందంలో నష్టపరిహారం తేల్చే కమిషన్ గురించి రాసే ఉంది, దాన్ని ఎన్నడూ వేయలేదు. సైన్యం పంపే దేశాల్లో మనం ముందు వరుసలో ఉన్నాం. ఏ దేశానికైనా మన బెటాలియన్ కదలకముందే అలాంటి కమిషన్ వేయాలని మన సర్కారు పట్టుబట్టాలి.